తార్నాకలో పైదల్

తార్నాక పేరులోనే అడ్డు ఉంది. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె, దాని దగ్గర పహరా ఉండేవని పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడు తీగ లేదు. సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ పోయే సడకే మాకు కంచె.

మా బేటీ ఈ ఏడాది ఉస్మానియాలో ఎంఏలో చేరింది. మేముండేది లాలాపేట వైపు, క్యాంపస్ సడక్‌కి అవతల. "జవాన్ పిల్ల, ఒక్కతే పైదల్ ఎట్లా పోతది?" అని మా అత్తమ్మకు ఒకటే ఫికర్. ఎవరైనా బైక్ మీద దింపాలంటుంది. అప్పుడు దింపేవాళ్లు దొరికిన రోజే పిల్లకు చదువు. అసలు ఖతర్ ఎక్కడుందో చూద్దామని వారం రోజులు నేనూ దానితో నడిచాను.

అత్తమ్మ భయం మనుషుల గురించి. అది ఝూట్ అని నేననను. మగ్రిబ్ దాటితే లైట్లున్న దారిలోనే రమ్మన్నాను, 112 నంబర్ గుర్తుంచుకోమన్నాను. కానీ ఆ వారం మా గుండెలు జారింది బండ్లను చూసే. 2022లో దేశం మొత్తంలో సడక్ ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్లే.

మెట్రో పిల్లర్లు చూశారా? పిల్లర్ పక్క నుంచి అడుగు బయట పెడితే బైకువాడికి మనం కనబడం, మనకు వాడు కనబడడు. ఆగిన బస్సు ముందు నుంచి దాటినా అంతే. ఒకవైపే చూసి దాటితే, రాంగ్ రూట్‌లో వచ్చేవాడు రెండో వైపు నుంచి తగులుతాడు. మాకు దొరికిన తరీఖా స్టేషనే. మెట్లెక్కి, టికెట్ గేట్ల దాకా పోకుండానే అవతలి వైపు దిగొచ్చు. పైసా ఖర్చు లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ లిఫ్ట్‌లో ఎక్కి, "యా అల్లాహ్, ఇంత ఆసానా!" అంది. ఫజర్ వేళకు మాత్రం స్టేషన్ తెరవరు.

క్యాంపస్‌లోకి అడుగు పెడితే ఇత్మినాన్. చెట్ల నీడ, 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి ఇమారత్. అయితే విద్యానగర్ పోయే బండ్లకు అదే షార్ట్‌కట్, ఖాళీ సడక్ చూస్తే కుర్రాళ్లకు జోష్. ఫుట్‌పాత్ లేనిచోట కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కళ్లకు కనబడేలా నడవాలి. ఇయర్‌ఫోన్లు బ్యాగులోనే. దీని మీద బేటీకీ నాకూ రోజూ జగడమే.

ఫుట్‌పాత్ ఉన్నచోట మాత్రం నడవనిస్తారా? కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. ఫుట్‌పాత్ ఆర్టికల్ 21 కింద మన హక్ అని 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బండీవాళ్లను తిట్టబోతే మా గల్లీ మసీదే గుర్తొచ్చింది. జుమా రోజు ఫుట్‌పాత్ మొత్తం మన నమాజీల బైకులే. దారిలోని తక్లీఫ్‌ను తొలగించడం ఈమాన్‌లో భాగమని బయాన్‌లో వింటాం, బయటికొచ్చి ఆ తక్లీఫ్‌కే కిక్ కొడతాం.

ఇంటాయన సదర్ సాబ్‌తో మాట్లాడారు. పోయిన జుమాకు తాడు కట్టించారు. తాడుకు ఇవతల రెండే బైకులు నిలబడి ఉన్నాయి. ఒకటి మా మరిదిది.