కోఠీ సందులో ఒక పూట

హైదరాబాదు చూచివచ్చినవారు చార్మినారును, గోలకొండను వర్ణింతురు. నేనొక యిరుకు సందును గూర్చి వ్రాయబూనితిని.

గత వేసవిలో మా పదునొకండేండ్ల అమ్మాయి పుస్తకములోని బొమ్మను జూచి, తొమ్మిది వోల్టుల బ్యాటరీకి చిన్న యెఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమును తగిలించెను. అది క్షణకాలము మెఱసి మాడిపోయినది. "ఈ పనులు మనకేల?" యని గద్దించితిని. పిల్ల మాటాడక సామానంతయు పెట్టెలో బెట్టి మూసివేసెను. ఆ మౌనము నన్ను చాల దినములు బాధించినది.

పిమ్మట బంధువుల యింట పెండ్లికి హైదరాబాదు పోయినప్పుడు, అమ్మాయిని వెంటబెట్టుకొని కోఠీకి వెళ్లితిని. అచ్చట ఒకప్పటి బ్రిటిషు రెసిడెన్సీ భవనము కలదు. 1924లో వెలసిన మహిళా కళాశాల 1949లో అందు ప్రవేశించినది. నేడది మహిళా విశ్వవిద్యాలయము. ఎందఱో యాడుబిడ్డలు చదువుకొన్న యా ప్రాంగణమునకు అనతిదూరముననే గుజరాతీ గల్లీ యున్నది.

ఇరుప్రక్కల చిన్న చిన్న దుకాణములు. డబ్బాలనిండ రెసిస్టరులు, కెపాసిటరులు, స్విచ్చులు, తీగచుట్టలు. పచారీకొట్టులో దినుసులవలె వీనిని పొట్లములు గట్టి యిత్తురు.

"బాబు ప్రాజెక్టుకా అమ్మా?" యని దుకాణదారు అడిగెను.

"కాదు, మా అమ్మాయికి, నాకును" అని మాడిన దీపమును జూపితిని. ఆయన నవ్వలేదు. "రెసిస్టరు పెట్టినారా?" యనెను. పెట్టలేదు.

ఆయన వివరించినదిది. ఎఱ్ఱదీపమునకు సుమారు రెండు వోల్టులు చాలును. తక్కిన యేడింటిని భరించుటకు దారిలో రెసిస్టరు వలయును. 470 ఓములదైనచో ప్రవాహము 15 మిల్లీఆంపియరుల దరిదాపున నిలుచును. ఇట్టి దీపములకు సాధారణముగా 20 హద్దు. దానిపై పసుపు, ఊదా, గోధుమ రంగుల గీతలుండును: నాలుగు, ఏడు, ఆపై నొక సున్న యని వాని యర్థము. దీపపు పొడవు కాలు బ్యాటరీ ధనధ్రువమువైపున నుండవలెను.

బ్రెడ్‌బోర్డును కూడ కొంటిమి. దాని రంధ్రములు అయిదేసి చొప్పున లోపల గలిసియుండును. కాళ్లు గ్రుచ్చిన చాలును, సోల్డరింగు అక్కఱలేదు. పూర్వము రొట్టెలు కోయు పలకపై భాగములను బిగించి కూర్చెడివారు గావున దానికా పేరు వచ్చినది.

ఇంటికి వచ్చి అమ్మాయియే కూర్చెను. దీపము వెలిగి, వెలుగుచునే యుండెను. "నాకును నేర్పవే" యంటిని. పిల్ల మొగము దీపముకన్న మిన్నగా వెలిగెను.

క్రొత్తగా నారంభించువారు బ్యాటరీతోనే పనిచేయుదురుగాక. గోడలోని కరెంటు జోలికి పోరాదు. బ్యాటరీ రెండు ధ్రువములను తిన్నగా తీగతో గలుపరాదు. చేయి కుదిరిన పిదప సోల్డరింగు నేర్వవచ్చును. అప్పుడు కిటికీలు తెఱచియుంచవలెను.

మా పాత పోపులపెట్టె యిపుడు రెసిస్టరులకు నెలవైనది. ఆనాటి తప్పు దీపముది గాదు, పిల్లది గాదు. అడిగి తెలిసికొనక గద్దించిన నాది. మీ యింట నేదైన మాడిపోయినచో, ముందు కారణ మడుగుడు.