ఎన్ని మైళ్లు తిరిగిందని అడక్కండి

డాలస్‌లో మన తెలుగువాళ్ల మధ్య పాత కారున్నవాడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎన్ని మైళ్లు తిరిగింది? పోయిన శనివారం ఫ్రిస్కోలో ఒక గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల దగ్గర మాటల్లో, అమ్మను తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కి కారులో వెళ్తున్నామని చెప్పాను. ఏ కారు అన్నారు. 2005 క్యామ్రీ అన్నాను. ఎన్ని మైళ్లు తిరిగిందన్నా అని ముగ్గురు ఒకేసారి అడిగారు. 2,37,000 అన్నాను. అంతే, ఇక కారు గురించి ఎవరికీ ఏమీ అక్కర్లేకపోయింది. ఇంజనాయిలు ఎప్పుడు మార్చావు, టైర్లు ఏ సంవత్సరానివి, రేడియేటర్ ఎలా ఉంది అని ఒక్కరు అడిగితే ఒట్టు. "రెంటల్ తీసుకో అన్నా, పెద్దావిణ్ని కూర్చోబెట్టుకుని ఆ కారులోనా?" అన్నారు. ఇంటికొచ్చే దారంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

కారు ఎంత దూరం వచ్చిందో మైళ్లు చెబుతాయి. ఎవరి చేతిలో ఎలా వచ్చిందో చెప్పవు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు ఉండేవారు. 1966లో కొన్న వోల్వో పీ1800ను ఆయన 2013 నాటికి ముప్పై లక్షల మైళ్లు నడిపారు. మధ్యలో ఇంజన్ విప్పించి బాగుచేయించుకున్నారు గాని కారును వదల్లేదు. వేళకు ఆయిలు మార్చడం, కంపెనీవాళ్లు పుస్తకంలో చెప్పినట్టు సర్వీసు చేయించడం, ఇంతే ఆయన చెప్పిన రహస్యం. ముప్పై లక్షలు! దాని ముందు నా క్యామ్రీ నిన్న మొన్న బళ్లో వేసిన పిల్ల.

ఈ మైళ్ల ప్రశ్న ఒక్క మనవాళ్లదే అయితే సర్దుకుపోదును. ప్రయాణానికి ముందు ఒకసారి మొత్తం చూపిద్దామని ఒక పెద్ద సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు బానెట్ ఎత్తకముందే మీటర్ చూశాడు. ఆ అంకె కంప్యూటర్‌లో కొట్టగానే మెషీన్ ఒక జాబితా కక్కింది. గేర్‌బాక్స్ ఫ్లష్, పవర్ స్టీరింగ్ ఫ్లష్, ఇంజన్ ఫ్లష్, ఇంకా ఏవేవో ఫ్లష్‌లు. అంతా కలిపితే కారు ఖరీదుకు దగ్గరగా వచ్చింది. "ఇన్ని మైళ్ల కారు మీద ఇంత పెట్టడం దండగ, మార్పిడిలో ఇచ్చెయ్యండి" అని సలహా కూడా ఇచ్చాడు. అసలు సంగతేమిటంటే, వాటర్ పంప్ కింద గులాబీరంగు చార కట్టి ఉంది. కూలెంట్ కారి ఎండిపోతే పడే మరక అది. ఎడారిలో నిజంగా నన్ను నిలబెట్టేసేది అదొక్కటే. వాళ్ల జాబితాలో అది లేదు. అంకెను చూసినవాళ్లు కారును చూడలేదు.

అయితే ఈ దేశాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఇక్కడ రోడ్ల మీద తిరిగే కార్ల సగటు వయసు 2024 లెక్క ప్రకారం 12.6 సంవత్సరాలు. పాత కార్లను నమ్ముకుని బతికే జనం కోట్లలో ఉన్నారు, వాళ్ల కోసం ఏర్పాట్లూ ఉన్నాయి. ఇరవై ఏళ్ల కారుకి వాటర్ పంప్ కావాలంటే మర్నాటికి తెప్పించి ఇస్తారు. స్పేర్ పార్టుల షాపుకెళ్తే బ్యాటరీ, ఆల్టర్నేటర్ ఉచితంగా టెస్టు చేస్తారు. ఎప్పుడో ఒకసారి పనికొచ్చే పనిముట్టు కావాలంటే డిపాజిట్ కట్టించుకుని ఇంటికిస్తారు, తిరిగిచ్చాక ఆ డబ్బు మొత్తం ఇచ్చేస్తారు. ఏ నట్టు ఎంత బిగించాలో పుస్తకంలో అచ్చేసి ఉంటుంది. నా క్యామ్రీ చక్రాల నట్లకు 76 ఫుట్ పౌండ్లు. సామాన్యుడు తన బండిని తానే బాగుచేసుకోగలడన్న నమ్మకం ఈ దేశానికి ఉంది. దాన్ని నేను మనసారా గౌరవిస్తాను. ఇంత ఏర్పాటు చేసిపెట్టిన దేశంలో ఉంటూ మనవాళ్లు బానెట్ ఎత్తకుండానే బండిని తీసిపారేస్తారే అన్నదే నా బాధ.

చివరికి గార్లండ్‌లో ఒక చిన్న షెడ్డుకి వెళ్లాను. నడిపే ఆయన వియత్నాం పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. ఎన్ని మైళ్లని అడగలేదు. డిప్‌స్టిక్ తీసి రెండు వేళ్ల మధ్య ఆయిలు రుద్ది చూసి, వాసన చూశారు. ఆయిలు పోసే మూత విప్పి లైటు వేసి లోపలికి చూశారు. "ఇంజన్ శుభ్రంగా ఉంది. ఆయిలు ఎవరు మారుస్తారు?" అన్నారు. నేనే అన్నాను. తలూపి, వాటర్ పంప్ వైపు వేలు పెట్టి చూపించారు. ఆయనకు జాబితా అక్కర్లేదు, వేలు చాలు. ఆ చూపు, ఆ తలూపడం చూసి నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. నేను పుట్టి పెరిగింది అలాంటి మనుషుల మధ్యే.

విజయవాడ ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్ పోతే కొత్తది కొనమని ఎవరూ అనరు. విప్పి, అరిగిన కార్బన్ బ్రష్‌లు తీసి కొత్తవి వేసి, సాయంత్రానికి బిగించి ఇస్తారు. లేత్ మీద బుష్ చేయించి ఇస్తారు. పారేసిన లారీ ఛాసిస్ మీద కొత్త లారీ కట్టి పంపిస్తారు. ఇక్కడ మాత్రం పార్ట్ మార్చడమే, బాగుచేయడం లేదు. విప్పి కూర్చునే గంటల కూలీ కంటే కొత్త వస్తువే చవక. ఈ విషయంలో మనవాళ్ల పనితనమే గొప్పదని నేనెప్పుడూ వాదిస్తాను. కానీ న్యూమెక్సికోలో టుకుమ్‌కారి దాటాక కనుచూపు మేర మనిషి కనిపించడు. విజయవాడలోనైతే వంద అడుగులకో మేస్త్రి దొరుకుతాడు గనక బ్రష్‌లు మార్చుకుని ధైర్యంగా పోవచ్చు. ఇక్కడ ఆగితే టో ట్రక్ వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి. ఆ లెక్కన కొత్త పంపే వేయించాలి, వేయించాను. రెండు చోట్లనూ పోల్చి ఏది మేలని తేల్చడం ఇక నా వల్ల కాదు.

మా నాన్న గుడివాడలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, తిరుపతికి. తిరుపతి బేరం వస్తే నాలుగు వందల కిలోమీటర్లు దాటిన దూరం, ఆ పైన కొండ. ముందురోజు సాయంత్రం బండి ముందు గోనెపట్టా పరిచేవారు. రేడియేటర్‌లో తుప్పునీళ్లు వదిలి, తేటనీళ్లు వచ్చేదాకా పోస్తూనే ఉండేవారు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవారు. పాయింట్లకు గరుకు కాగితం పట్టేవారు. ఇనపరాడ్‌తో టైరు మీద కొట్టి చప్పుడు వినేవారు. డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానాలు, కొత్త ఫ్యాన్ బెల్టు, కండెన్సర్, నీళ్ల డబ్బా సర్దేవారు. తెల్లవారుజామున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించాకే బండి కదిలేది.

నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి. ఈ పనంతా అయ్యాక, బండిని పామర్రు దాకా తోలుకెళ్లి వెనక్కి తెచ్చేవారు. ఆపగానే దిగి నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి మధ్యన అరచెయ్యి పెట్టి చూసేవారు. మూడు చక్రాలు ఒకలా ఉండి ఒకటి కాలుతుంటే అక్కడ బేరింగ్ పోతున్నట్టు, లేదా బ్రేకు పట్టేస్తున్నట్టు. తర్వాత నా అరచెయ్యి తీసుకుని అదే చోట పెట్టించేవారు. ఆ వేడి ఎంతుండాలో నాకు నోటితో చెప్పలేదు, చేతికి నేర్పారు. ఆ అంబాసిడర్ మీటరు నాకు ఊహ తెలిసేనాటికే ఆగిపోయి ఉంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మాకెవరికీ తెలియదు. ఆ బండి మీదే నేను ఇంజనీరింగ్ చదివాను. తిరుమల ఘాట్ రోడ్డు మీద పక్కన కార్లు పొగలు కక్కుతూ ఆగిపోతుంటే, నాన్న బండి పైదాకా వెళ్లి ఆగేది.

అందుకే నేను ఈ క్యామ్రీని ఆయన పద్ధతిలోనే సిద్ధం చేశాను. డాలస్ నుంచి 287 హైవే మీద విచిటా ఫాల్స్, అమరిల్లో, అక్కణ్నించి ఐ-40 మీద ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్. అక్కణ్నించి గ్రాండ్ కాన్యన్. వెళ్లడానికే వెయ్యి మైళ్లు పైన. డాలస్ సముద్రమట్టానికి ఐదు వందల అడుగుల లోపే ఉంటుంది, ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేల అడుగుల ఎత్తు. ఎండలో, ఏసీ వేసుకుని అంత ఎత్తు ఎక్కాలంటే భారమంతా రేడియేటర్ మీదే. కొత్త పంపుతో పాటు పైపులు, థర్మోస్టాట్ మార్పించి, కూలెంట్ కొత్తది పోయించాను. రేడియేటర్ మూత కూడా మార్చాను. పది పదిహేను డాలర్ల వస్తువు, ఎవరూ పట్టించుకోరు. ఆ మూతలో స్ప్రింగ్ ఒత్తిడి నిలబెట్టబట్టే కూలెంట్ మామూలుగా మరిగే వేడిమి దగ్గర మరగకుండా ఉంటుంది. స్ప్రింగ్ మెత్తబడితే కొండ ఎక్కేటప్పుడే పొంగుతుంది.

టైర్ల దగ్గర నేను ఎవరి మాటా వినను. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు అది పుట్టిన వారం, సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారం. గాడులు ఎంత లోతున్నా రబ్బరుకు వయసుంటుంది. టెక్సస్ ఎండలో ఏళ్ల తరబడి ఎండిన టైరుతో గంటకు 75 మైళ్ల వేగంలో వెళ్లడం నాకు సమ్మతం కాదు. నాలుగూ కొత్తవి వేయించాను. టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే దీపం కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది 2008 మోడల్ నుంచి. నా కారుకి అది లేదు, కాబట్టి ప్రతి ఉదయం బండి కదలకముందే గేజ్ పెట్టి చూడటం నా పని. టెక్సస్‌లో సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. డాలస్ చుట్టుపక్కల పొగ పరీక్ష మాత్రం మిగిలింది. బ్రేకులు, టైర్లు, లైట్లు ఎలా ఉన్నాయని సంవత్సరానికోసారి అడిగే నాథుడు కూడా ఇప్పుడు లేడు. నా కారు కొత్తదా పాతదా అన్నది కాదు, ఎవరి కారైనా సరే చూసుకోవాల్సింది నడిపేవాడే.

నిన్న సాయంత్రం హైవే మీద షెర్మన్ దాకా వెళ్లొచ్చాను. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. అన్నీ ఒకే వేడి. అమ్మ వరండాలోంచి చూస్తూ, "మీ నాన్న కూడా ఇంతే, గుడికెళ్లినా బండి చుట్టూ ప్రదక్షిణం చేశాకే లోపలికొచ్చేవారు" అంది. అమ్మకు ఈ కారంటే ఇష్టం. సీటు కిందికి ఉండదు, పైకి ఉండదు, మోకాళ్ల నొప్పితో ఎక్కి దిగడానికి సరిగ్గా ఉందంటుంది. రెంటల్ తెస్తావా ఏంటని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.

అమరిల్లో దాటగానే రోడ్డు పక్క పొలంలో పది క్యాడిలాక్ కార్లు ముక్కు నేలలో దిగేసి నిలబెట్టి ఉంటాయి. 1974లో కళాకారులు పాతారు. వచ్చినవాళ్లంతా వాటి మీద రంగులు కొట్టి ఫోటోలు దిగుతారు. కళ అంటారు, కావచ్చు. ఆ దారిలో వెళ్లిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది. ఒకప్పుడు ఎవరో వాటి బానెట్ ఎత్తి ఆయిలు చూసుకుని ఉంటారు, పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఊళ్లు తిప్పి ఉంటారు. అక్కడ ఈసారి కూడా మేం ఆగం.

బుధవారం తెల్లవారుజామున బయలుదేరుతున్నాం. నాకు సలహాలిచ్చిన ఫ్రిస్కో మిత్రులకు, ఈ వేసవిలో దూరం వెళ్లే అందరికీ ఒక్క మనవి. మీ కారు మొన్న కొన్నదే కావచ్చు, డిక్కీలో అడుగున ఉన్న స్టెప్నీని కొన్న రోజు నుంచీ మీరు తాకి ఉండరు. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీలకు గాలి సాధారణంగా 60 పీఎస్ఐ ఉండాలి, ఎంతన్నది దాని పక్కనే రాసి ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో అసలు స్టెప్నీయే ఉండదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. బయలుదేరే ముందు డిక్కీ తెరిచి, మీకు ఏది ఇచ్చారో, అందులో గాలి ఉందో లేదో చూసుకోండి.