మరిచిపోయిన పొదుగు

బెంగళూరు యలహంక న్యూ టౌన్‌లో, నేను అక్కా అని పిలిచే ఆవిడ ఇంటి మెట్లెక్కేసరికి రాత్రి ఎనిమిదయింది. "లైటు తీసేస్తున్నా, కూర్చోండి" అంది అక్క. గదంతా చీకటి. ఫోను టార్చి మీద చిన్న రంధ్రం చేసిన అట్టముక్క పెట్టి, బాతుగుడ్డు మొద్దువైపును దానికి ఆనించింది. గుడ్డు నారింజ రంగులో వెలిగింది. లోపల నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెగూడులా పాకిన ఎర్రటి నరాలు. చూస్తుండగానే చుక్క కదిలింది.

"ఇవాళ ఎనిమిదో రోజు. ఇక నుంచి రోజూ పెట్టె మూత తీసి చల్లార్చాలి" అందామె.

పన్నెండు గుడ్లలో తొమ్మిదింటికి నరాలు పట్టాయి. రెండు ఖాళీగా వెలిగాయి, మగబాతు కలవని గుడ్లు. ఒకదానిలో నరాల బదులు నెత్తుటి గీత ఉంగరంలా నిలిచింది. మొదలై ఆగిపోయిన ప్రాణం అది. మూడింటినీ వేరు చేసింది. పొదిగే పెట్టెలోనే ఉంచితే మురిగి పేలతాయి, పక్క గుడ్లకూ చేటు.

వాళ్లది కొల్లేటి ఒడ్డున, కైకలూరు వైపు పల్లె. ఆమె భర్త యలహంక రైలు చక్రాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. 1984లో మొదలైన ఫ్యాక్టరీ అది. ఆ చేతులే ఈ పెట్టెనూ చేశాయి: థర్మోకోల్ డబ్బా, రెండు బల్బులు, పాత కంప్యూటర్ ఫ్యాను, 37.5 డిగ్రీల దగ్గర బల్బుల్ని ఆర్పీ వెలిగించే థర్మోస్టాట్. కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకుంటుంది. ఇంట్లో టీవీకి లేని ఆ సదుపాయం గుడ్లకుంది.

కోతలయ్యాక వరి మళ్లలోకి వందల బాతుల్ని తోలుకొచ్చే కాపర్లను ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. వాళ్ల దగ్గర గుడ్లు కొని, వాళ్లమ్మ పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద పెట్టేదట. కోడిగుడ్డుకు ఇరవయ్యొక్క రోజులు, బాతుగుడ్డుకు ఇరవై ఎనిమిది. "ఆ చివరి వారం అమ్మకి నిద్రుండేది కాదండీ. పెట్ట విసిగి లేచిపోతే అంతా పోయినట్టే. రోజూ అది మేతకు లేవగానే గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు చల్లేది. ఎందుకమ్మా అంటే, బాతయితే తడిసొచ్చి కూర్చుంటుంది కదే అనేది."

నేను ఆ ఇంట్లో నేర్చుకున్నదానికి మూలం ఆ ఒక్క మాటే. మరి బాతు తన గుడ్లు తానెందుకు పొదగదు? ఆమె గుడ్లు ఖాకీ క్యాంప్‌బెల్ రకానివి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో అడేల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ ఇండియన్ రన్నర్, రువాన్, మల్లార్డ్ బాతుల్ని కలిపి, 20వ శతాబ్ది తొలి రోజుల్లో ఈ జాతిని లోకానికి చూపించింది. మంచి మేతతో ఏడాదికి దాదాపు 300 గుడ్లు పెడుతుంది. పొదుగు మీద కూర్చున్న బాతు గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. అందుకే గుడ్ల కోసం ఏరి పెంచిన జాతికి పొదుగే గుణం తగ్గుతూ వచ్చింది. తల్లి మరిచిన పనిని మనిషి చేయాలి. నాకిది బరువైన బాధ్యతగానే కనిపిస్తుంది.

యలహంకకు దగ్గర్లోనే హెసరఘట్ట ఉంది. 1894లో బెంగళూరుకు తాగునీటి కోసం అర్కావతి మీద కట్టిన చెరువు ఉన్న ఊరది. కేంద్ర ప్రభుత్వం బాతుల పెంపక కేంద్రాన్ని అక్కడే పెట్టింది. ఇప్పుడది కేంద్ర పౌల్ట్రీ అభివృద్ధి, శిక్షణ సంస్థలో భాగం. 2012 అక్టోబరులో అక్కడి టర్కీ కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడి వేల పక్షుల్ని చంపాల్సి వచ్చింది. ఆ వార్త అక్క మరిచిపోలేదు. అందుకే దగ్గర్లోని పుట్టేనహళ్లి చెరువు గట్టున, పక్షుల మధ్య నడిచొచ్చిన చెప్పులు ఆ గది గడప దాటవు. నా చెప్పులూ కిందే ఆగాయి.

తర్వాత ఆమె చేసే పనులు చూపించింది. రోజుకు ఐదుసార్లు గుడ్లు తిప్పుతుంది, బాతు ముక్కుతో దొర్లించినట్టు. తిప్పకపోతే పిండం పెంకు పొరకు అంటుకుంటుంది. ఎనిమిదో రోజు నుంచి ఇరవై అయిదో రోజు దాకా రోజూ పావుగంట పెట్టె మూత తీసి, గోరువెచ్చని నీళ్లు తుంపరగా కొడుతుంది. అది బాతు నీళ్లకు వెళ్లొచ్చే సమయం. ఒక్కో పనికీ వెనక తల్లి కదలిక ఉంది. ఇంక్యుబేటర్ అన్న మాట వినని వాళ్లమ్మకు ఆ సంగతి తెలుసు.

తేమ సంగతి మాత్రం ఆమె దెబ్బతిని నేర్చుకుంది. మొదటిసారి వానాకాలంలో పెట్టింది. బాతుకు నీళ్లిష్టం కదా అని పెట్టెలో నీళ్ల ట్రేలు నిండుగా ఉంచింది. ఇరవై ఎనిమిదో రోజున ఏడు పిల్లలు పెంకులోనే చనిపోయాయి. గుడ్డులోని నీరు కొంత ఆవిరైతేనే మొద్దువైపున గాలి అర పెరుగుతుంది. పిల్ల పెంకు పగలగొట్టేముందు తొలి ఊపిరి తీసేది అక్కడే. ఆ చోటు చాలలేదు. "నా చేత్తోనే నీళ్లు పోశానండీ" అంటుంటే ఆమె గొంతు పూడుకుపోయింది. ఆ రోజే చిన్న తూకం కొంది. ఇప్పుడు గోడ మీది వెంకట్రామా క్యాలెండర్‌లో తిథుల పక్కన పెన్సిలుతో గ్రాములు రాస్తుంది. 70 గ్రాముల గుడ్డు ఇరవై అయిదో రోజుకు తొమ్మిది గ్రాముల దాకా తగ్గాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి పలుచని గాలిలో గుడ్డు త్వరగా ఆరుతుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. కొల్లేటి ఒడ్డు లెక్క ఇక్కడ పనికిరాదు. నీళ్లెంత పోయాలో తూకమే చెబుతుంది.

ఇరవై ఏడో రోజు సాయంత్రం మళ్లీ వెళ్లాను. రెండు రోజుల క్రితమే తిప్పడం ఆపి, ట్రే నింపి, తేమ 75 శాతం దాకా పెంచింది. పెట్టె అద్దంలోంచి చూస్తే నాలుగు గుడ్ల మీద నక్షత్రాల్లా పగుళ్లు. చెవి ఆనిస్తే సన్నగా కీచుమంటున్నాయి. అక్క "కువ్ కువ్" అని పిలిచింది. లోపలి నుంచి జవాబొచ్చింది. ఆ క్షణం నా ఒళ్లు జలదరించింది.

తెల్లారేసరికి ఆరు పిల్లలు లేచాయి. ముక్కు చివరి గట్టి బొడిపెతో పెంకును గుండ్రంగా కోసుకుంటూ, మధ్యమధ్య సొమ్మసిల్లినట్టు ఆగుతూ వచ్చాయి. ఏడో గుడ్డు రాత్రి పగిలి అక్కడే ఆగింది. సాయం చేద్దామా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పచ్చసొన ఇంకా కడుపులోకి పోతుంటుంది, పొర కింది నరాల్లో నెత్తురుంటుంది. తొందరపడి లాగితే నెత్తురుపోయి చస్తుంది. ఒక రోజు దాకా ఓపిక పట్టాల్సిందే.

ఆరిన పిల్లల్ని బల్బు కిందకు మార్చి, లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు పోసి, మునిగిపోకుండా గులకరాళ్లు వేసింది. తల్లి ఈకల నూనె అంటని పిల్లలు ఈతకు దిగితే తడిసి చలికి పోతాయట. నెల తిరక్కుండానే దొడ్డబళ్లాపుర దగ్గర బంధువుల పొలానికి పంపిస్తుంది, అక్కడ కుంట ఉంది.

ఇంతలో ఫోను మోగింది. కైకలూరు నుంచి వాళ్లమ్మ. అవతలి మాట నాకూ వినపడింది: "ఎన్ని లేచాయే?"

"ఆరమ్మా. ఏడోది ఇంకా కొడుతోంది" అంటూ అక్క పెట్టె దగ్గరికి నడిచింది.