కాటన్ దొర ఇంటిపేరు

ధవళేశ్వరంలో ఇవాళ, గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ముందు మా మేనకోడలు అడిగింది: "మావయ్యా, వీళ్ళది పత్తి వ్యాపారమా? అందుకే కాటనా?"

పత్తికీ ఆ పేరుకీ చుట్టరికమే లేదమ్మా అన్నాను.
బట్టల కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. దొరగారి ఇంటిపేరు పాత ఇంగ్లీషు 'కాట్' నుంచి పుట్టింది. అంటే గుడిసె. కాటేజీకి మూలమూ అదే.

'గుడిసెల దగ్గర' అని పిలిచిన చోట్లే కాటన్, కోటన్ అనే ఊళ్ళయ్యాయి. ఇంగ్లండులో చెషైర్‌లో, స్టాఫర్డ్‌షైర్‌లో, సఫోక్‌లో... కేంబ్రిడ్జి పక్కన కూడా ఒకటుంది.

1066లో నార్మన్లు అక్కడికి వచ్చాక ముందు భూస్వాములకు, తర్వాత మెల్లగా మామూలు జనానికి ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. ఊరు వదిలినవాడిని కొత్తచోట పాత ఊరిపేరుతోనే పిలిచేవారు. అదే పిల్లలకూ వచ్చేది.

దొరగారి పూర్వీకులు మాత్రం గొప్ప జమీందార్లు. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలు మూయించినప్పుడు, 1539లో, చెషైర్‌లోని కాంబర్‌మియర్ మఠం జార్జ్ కాటన్‌కు దక్కింది. ఆ వంశంలోనే 1803లో మన దొర, ఆర్థర్ కాటన్, పుట్టారు. 1852కల్లా ఇక్కడ ఆనకట్ట పూర్తిచేశారు.

ఏ పల్లెలోనో నాలుగు గుడిసెలకు పెట్టిన పేరు! దాన్ని గోదావరి ఒడ్డున ఇంతమంది ఇంత ప్రేమగా తలచుకుంటున్నారంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మన ఇంటిపేర్లలోనూ ఊళ్ళు బోలెడు. మీ ఇంటిపేరు ఏ ఊరిది? ఆ ఊరు ఎప్పుడైనా చూశారా? చెప్పండి.