మైలవరం నుంచి వాల్తేరుకి.. ఒక లెక్క వినడానికి!

"నువ్వన్నా చెప్పరా దానికి. బీటెక్ వద్దంట. లెక్కలు చదువుతుందంట. లెక్కలు చదివి ఏం చేస్తుంది, ట్యూషన్లు చెప్పుకుంటుందా?"

ఏప్రిల్ నెల. మైలవరంలో మా డాబా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తుంటే బాబాయ్ వచ్చి అన్న మాట ఇది. ఇంటర్ అయిపోయిన మా చెల్లి గురించి. ఎంసెట్‌కి ఇంకా నెల కూడా లేదు.

బాబాయ్ బాధ నాకు తెలుసు. మా ఊళ్లోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సాయంత్రం బస్టాండ్ దగ్గర నిలబడితే మెళ్లో ఐడీ కార్డు లేని కుర్రాడు కనిపించడం కష్టం. నేనూ అదే దారిలో ఉద్యోగం తెచ్చుకున్నా. ఎం1, ఎం2 అన్నీ ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదివే గట్టెక్కా. అసలు లెక్కలు చదవడం అంటే ఏంటో నాకే తెలీదు. తెలీకుండా వద్దని ఎలా చెప్పను?

అదే వారం నా ఇంటర్ ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు. వాడు విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. "గురువారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌లో టాక్ ఉంది. డప్పు గురించి. అడిగా, మీరూ రావచ్చన్నారు."

డప్పుకి, లెక్కలకి ఏం సంబంధం? అదే చూద్దామని బయల్దేరాం. పిన్ని పులిహోర కట్టిచ్చింది. బాబాయ్ మాత్రం "రెండ్రోజులు వేస్ట్" అని గొణుగుతూనే తెల్లవారకముందే బస్సెక్కించాడు. జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ లైట్లు, తర్వాత బెజవాడ. అక్కడ రత్నాచల్ ఎక్కాం. చెల్లి ఒళ్లో ఎంసెట్ పుస్తకమే. 160 ప్రశ్నలు, 3 గంటలు. అందులో 80 లెక్కలవే.

"ప్రశ్నకి నిమిషం అన్నయ్యా. ఆలోచిస్తే పోయినట్టే" అంది గోదావరి బ్రిడ్జి మీద.

నేనూ ఫోన్‌లో ఏదో చదువుతున్నా. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో మొదలైంది మన బెజవాడలోనే అట! 1930లో వాల్తేరుకి వెళ్లింది. ఇన్నేళ్లు పక్క ఊళ్లో ఉండి నాకు ఈ సంగతే తెలీదు.

క్యాంపస్‌లో చెట్ల నీడ, సముద్రం గాలి. టాక్ జరిగే గది మాత్రం మామూలు క్లాస్‌రూమే. పాతిక మంది ఉంటారేమో. మేం చివరి బెంచీలో కూర్చున్నాం. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ స్లైడ్లు లేకుండా చాక్‌పీస్ తీసి బోర్డు మీద ఒక డప్పు గీశారు.

"కళ్లు మూసుకుని దీని చప్పుడు వింటే, దీని ఆకారం చెప్పగలరా?"

డప్పు కొడితే వచ్చేది ఒక్క స్వరం కాదు, ఎన్నో స్వరాలు కలిసి వస్తాయి. ఆ స్వరాల లిస్టు మొత్తం చేతికిస్తే డప్పు గుండ్రమా, పలకా అని చెప్పగలమా? 1966లో మార్క్ కాట్స్ అనే గణితవేత్త ఇదే ప్రశ్నని తన వ్యాసానికి టైటిల్‌గా పెట్టారు.

తర్వాత ఆయన నిప్పు గురించి మాట్లాడారు. మా ఊరి జాతరలో డప్పుని మంట సెగకి కాచడం గుర్తొచ్చింది నాకు. ఇది వేరే సంగతి. చర్మం మీద ఒక చోట కాస్త వేడి పెట్టారనుకోండి. అది మెల్లగా పాకుతుంది. వేడి పాకే లెక్కలో, చప్పుడు లెక్కలో వచ్చేవి ఒకే అంకెలు. మొదటి క్షణంలో వేడికి అంచు ఉందన్న సంగతే తెలీదు. అందుకే ముందు వైశాల్యం బయటపడుతుంది. ఆ తర్వాత చుట్టుకొలత, ఆపైన ఎన్ని చిల్లులున్నాయో కూడా.

"వంపు తిరిగిన ఉపరితలాల మీద ఈ వేడి లెక్కని 1949లో తేల్చిన ఇద్దరిలో ఒకరు ఈ యూనివర్సిటీలోనే పనిచేశారు" అన్నారాయన. ఆయన పేరు మీనాక్షిసుందరం. త్రిచూర్‌లో 1913లో పుట్టారు. రెండోవారు స్వీడన్‌కి చెందిన ప్లేజెల్. ఆ సూత్రాన్ని ఈరోజుకీ ప్రపంచమంతా వీళ్లిద్దరి పేర్లతోనే పిలుస్తుంది. మీనాక్షిసుందరంతో కలిసి 1952లో 'టిపికల్ మీన్స్' అనే పుస్తకం రాసిన కె.చంద్రశేఖరన్ పుట్టింది మన బందరులో! బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని నిలబెట్టింది ఆయనే. విదేశాల నుంచి పెద్ద పెద్ద గణితవేత్తలను పిలిపించి టాక్‌లు ఇప్పించేవారట. వాటిని కుర్ర రీసెర్చర్లు నోట్స్ రాస్తే, అవే పుస్తకాలయ్యేవి.

ఇరవై నిమిషాల తర్వాత నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పక్కకి చూస్తే నా ఫ్రెండ్ కూడా పెన్ను పక్కన పెట్టేశాడు. "చివరి పావుగంట ఎప్పుడూ ఇంతే రా" అన్నాడు నవ్వుతూ.

కాట్స్ ప్రశ్నకి జవాబు 1992లో దొరికింది. గోర్డన్, వెబ్, వోల్పర్ట్ అనే ముగ్గురు వేర్వేరు ఆకారాలున్న రెండు డప్పులు చూపించారు. రెండింటి స్వరాలూ అచ్చంగా ఒకటే. అంటే చప్పుడు విని ఆకారం చెప్పలేం! ఒక్క ప్రశ్నకి 26 ఏళ్లు. చెల్లి నా వైపు చూసింది. ఏమనుకుంటోందో నాకు తెలుసు.. ప్రశ్నకి నిమిషం!

చివర్లో ఒక అమ్మాయి లేచి అడిగింది. "ఆ డప్పులకి మూలలున్నాయి కదా సర్. అంచంతా నున్నగా ఉంటే?"

ఆయన చాక్‌పీస్ కింద పెట్టి, "తెలీదమ్మా. ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు" అన్నారు సంతోషంగా.

తిరుగు ట్రైన్‌లో చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. సామర్లకోట దాటాక అంది. "రెండేళ్లలో ఒక్క సార్ కూడా క్లాసులో తెలీదు అనలేదు అన్నయ్యా. లెక్కలన్నీ ఎవరో ఎప్పుడో చేసేశారు, మనం స్పీడ్‌గా దింపాలి అంతే అనుకున్నా."

నేనూ అలాగే అనుకున్నా. ఇరవై ఎనిమిదేళ్లొచ్చేదాకా!

మైలవరంలో దిగేసరికి బాబాయ్ బండేసుకుని వచ్చి ఉన్నాడు. "ఏం తేల్చారు? ఉద్యోగం వస్తుందా ఆ చదువుకి?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "గ్యారంటీ ఇవ్వలేను బాబాయ్. పీహెచ్‌డీ దాకా వెళ్తే పదేళ్లు పట్టొచ్చు. నా ఫ్రెండ్‌కి వచ్చే స్టైపెండ్ నా జీతంలో సగం కూడా లేదు. కానీ అది ఇష్టం అంటోంది లెక్కలనే, మార్కులని కాదు. అది మాత్రం చూసొచ్చా."

బాబాయ్ ఏం అనలేదు. బండి స్టార్ట్ చేశాడు. మర్నాడు సాయంత్రం డాబా మీదకొచ్చి "ఆ ఎమ్మెస్సీ అప్లికేషన్‌కి ఫీజెంతరా?" అని అడిగాడు. ఎంసెట్ కూడా రాయాలన్నది ఆయన కండిషన్. చెల్లి సరేనంది.

మీ దగ్గర్లో యూనివర్సిటీ ఉంటే, లెక్కల డిపార్ట్‌మెంట్‌లో టాక్‌లు ఎప్పుడో కనుక్కోండి. అడిగి, వెళ్లి చివరి బెంచీలో కూర్చోండి. అంతా అర్థం కాదు. ఆ గదిలో ఉన్నవాళ్లకీ అంతా అర్థం కాదు, భయపడకండి.