మూడు చుట్లు, మూడు గంటలు

షార్లెట్‌కి మకాం మార్చిన కొత్తలో, ఇక్కడివాళ్ళు ఆదివారం పూట టీవీ ముందు కూర్చుని కార్లు గుండ్రంగా తిరగడాన్ని గంటల తరబడి చూస్తుంటే నాకు గానుగెద్దు గుర్తొచ్చేది. "ఇందులో ఏముందండీ?" అని అడిగిన పాపానికి పక్కింటి పెద్దాయన ఓ ఆదివారం నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ విడమర్చి చెప్పాడు. అలా అంటుకున్న నాస్కార్ పిచ్చి ఇప్పుడు మావాడిదాకా పాకింది.

2025 నవంబరు 2. ఫీనిక్స్‌లో సీజన్ ఆఖరి రేసు. మావాడి హీరో డెన్నీ హామ్లిన్. అప్పటికి 60 రేసులు గెలిచినా ఛాంపియన్ కిరీటం మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఆ రోజు 208 ల్యాపులు అతనే ముందున్నాడు. ఇంకో మూడు చుట్లు తిరిగితే చాలు. సరిగ్గా అప్పుడే విలియం బైరన్ కారు టైరు పోయి గోడకి గుద్దుకుంది, పసుపు జెండా ఊపారు. హామ్లిన్ ఆగి నాలుగు టైర్లూ మార్చుకున్నాడు. కైల్ లార్సన్ రెండే మార్చుకుని ముందుకొచ్చాడు. చివరికి లార్సన్ మూడు, హామ్లిన్ ఆరు. ఫైనల్‌కొచ్చిన నలుగురిలో ముందున్నవాడిదే కిరీటం కాబట్టి అది లార్సన్‌కి పోయింది. అతను మే తరవాత ఒక్క రేసూ గెలవలేదు. ఆ రోజు ఒక్క చుట్టయినా ముందు లేడు.

మావాడు రిమోట్ సోఫాలోకి విసిరేసి, "ఏడాదంతా ఆడించి ఒక్క రోజు చూసి మార్కులేస్తారా నాన్నా?" అన్నాడు.

నాకు ఎంసెట్ రోజు కళ్ళముందు తిరిగింది. రెండేళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివాను. పరీక్ష రోజున 102 జ్వరం. ఆ మూడు గంటల్లో కాగితం మీద అంకెలు ఈదుతూ కనిపించాయి. వచ్చిన ర్యాంకు మా నాన్న ఎవరికీ చెప్పుకోలేదు. ఎమ్మెస్ చేసి ఇంత దూరం వచ్చినా ఆ ర్యాంకు ఇప్పటికీ నా వెనకాలే వస్తుంటుంది.

అయితే నాస్కార్ వాళ్ళదీ ఊరికే పుట్టిన ఆలోచన కాదు. 2003లో మ్యాట్ కెన్సెత్ ఒకే ఒక్క రేసు గెలిచి, నిలకడగా పాయింట్లు పోగేసుకుని ఛాంపియనయ్యాడు. ఉత్కంఠ లేదన్నారు. 2004లో చివరి పది రేసులకి 'ఛేజ్' పెట్టారు. 2014లో దాన్ని నాకౌట్ చేసి ఆఖరి రేసుకి నలుగురిని మిగిల్చారు. ఆ ఏడే ర్యాన్ న్యూమన్ ఒక్క గెలుపూ లేకుండా ఆ నలుగురిలో చేరాడు. 2020లో తొమ్మిది రేసులు గెలిచిన కెవిన్ హార్విక్ చేరలేకపోయాడు. మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, ఒక బగ్ సరిచేయబోయి ఇంకోటి తెచ్చుకున్నారు. ఒకే ఒక్క టెస్ట్ కేసు పాసయిందని సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా కస్టమర్‌కి అప్పగిస్తారా?

2026 నుంచి ఆ నాకౌట్ తీసేశారు. పదహారు మంది, పది రేసులు, పది రేసుల పాయింట్లూ లెక్కే. గెలుపుకి 40 బదులు 55. మంచి మార్పే. నాకు ఒక్కటే వెలితి. మొదటి 26 రేసులు అయ్యాక పాయింట్లు మళ్ళీ సర్దుతారు. మొదటివాడికి 2,100, రెండోవాడికి 2,075. రెండోవాడికన్నా వంద పాయింట్లు ముందున్నా, రెండే ముందున్నా చేతిలో మిగిలేది ఆ 25 తేడాయే. సంపాదించిన ఆధిక్యంలో సగమైనా వెంట తీసుకెళ్ళనిస్తే, వేసవిలో పడిన కష్టానికి విలువుంటుంది. చివరి పది రేసుల ఉత్కంఠా పోదు.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి మావాడికి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. "బావుంది నాన్నా" అని ఒక్క క్షణం ఆగి, "మరి నా రిపోర్ట్ కార్డు వస్తే నువ్వు ఫైనల్ మార్కు ఒక్కటే చూస్తావెందుకు?" అన్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ ఏడాది వాడు చేసిన హోంవర్కులన్నీ ఓసారి తెమ్మన్నాను.