ఉప్పు గుట్ట, ఓక్ వేళ్లు

స్కాట్లండ్‌లో గ్లాస్గో నుంచి లోమండ్ సరస్సు ఒడ్డెంట పోతుంటే పాత ఓక్ చెట్లు రోడ్డు మీదికి వంగి పలకరిస్తాయి. మొదలు నుంచి కొమ్మ దాకా నాచు. కొమ్మల మీద మళ్లీ ఫెర్న్ మొక్కలు. అట్లాంటిక్ తేమ పెంచిన వాన అడవి అది. దాన్ని కాపాడింది గొడ్డలే అంటే నమ్మబుద్ధి కాదు. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసినట్టే అక్కడివాళ్లు ఓక్ బెరడు వాడారు, కట్టెను బొగ్గు చేశారు. ఇరవై పాతికేళ్లకోసారి మొదలు దాకా నరికి, చిగుళ్లను పశువులు మేయకుండా కంచె కట్టి వదిలేసేవారు. పైన మాను మారినా కింద వేరు బతికే ఉంది.

టార్బెట్‌లో ఎడమకు తిరిగి ఆరోకర్ దాటితే గ్లెన్ క్రో. గ్లెన్ అంటే కొండల నడిమి ఇరుకు లోయ. ఇక్కడ కుడిపక్క కొండ బోడిది, తరతరాలుగా గొర్రెలు మేసింది. 2020 ఆగస్టులో ఆ కొండ నుంచి దాదాపు పదివేల టన్నుల మట్టీ రాళ్లూ ఏ83 రోడ్డు మీదికి జారాయి. బళ్లను లోయ అడుగున 1740ల్లో సైనికులు వేసిన పాత బాట మీదికి మళ్లించాల్సి వచ్చింది. ఎక్కి ఎక్కి అలసిన ఆ సైనికులు కనుమ పైన పాతిన రాయి మీది మాటలే ఆ చోటికి పేరయ్యాయి: రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్.

నేను వెళ్లిన రోజు రోడ్డు పక్క యార్డులో ఇనుప వలల చుట్టలు, రాళ్ల కుప్పలు, ఇటుక రంగు ఉప్పు గుట్ట కనిపించాయి. మంచు రాత్రుల్లో రోడ్డు గడ్డకట్టకుండా ఆ ఉప్పు చల్లే లారీలకు అక్కడి జనం పేర్లు పెట్టి పిలుస్తారు, మన లారీల మీద పిల్లల పేర్లు రాసుకున్నంత ముద్దుగా. వానలో తడుస్తూ, కొండ మట్టిని ఆపే గొయ్యిలోంచి బురద తోడుతున్న పనివాళ్లను చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

చెట్లుంటే కొండ అసలు జారదని కాదు. అంత నిటారు వాలు, అంత వాన. కానీ వేళ్లు పైమట్టిని పట్టుకుంటాయి, నీటిని తాగుతాయి. అందుకే ఇప్పుడా వాలు మీద అక్కడి జాతుల మొక్కలే నాటుతున్నారు. రోడ్డుకు కాంక్రీటు కప్పు కట్టే ఆలోచన కూడా ఉంది. కట్టనీయండి. దాని మీద పెట్టే శ్రద్ధ ఈ మొక్కల మీదా పెట్టాలి. గొర్రె, జింక ఒక్క చలికాలం ఈ మొక్కల్లోకి వస్తే చాలు, ఏళ్ల ఎదుగుదల పోతుంది.